కాలర్ అక్క కుడి మడమ

ఆ ఉదయం కూడలిలో లారీ కుడిపక్క నుంచి వచ్చింది. మోటారు సైకిలు వెనక సీట్లో కూర్చున్న ఆమె దాన్ని చాలా ముందే చూసింది. ఇటుకల లోడుతో, ముక్కుతూ మూలుగుతూ, ముందు అద్దానికి అడ్డంగా ఒక పగులుతో వస్తోంది. దాక్కుని వచ్చే లారీ కాదు. తనకే కనబడిందంటే ముందు కూర్చుని బండి నడుపుతున్న మొగుడికి కనబడకుండా ఎలా ఉంటుందనుకుంది. పద్దెనిమిదేళ్ళుగా ఆ వీపు వెనక కూర్చుంటోంది. ఆ భుజాలు ఎప్పుడు ఎటు వంగుతాయో ఆమెకు కంఠతా వచ్చు.

ఆ రోజు అవి కుడివైపుకే వంగాయి. లారీ వైపుకి.

టప్పుమని చప్పుడైంది. మోటారు సైకిలు పాములా రెండు వంకర్లు తిరిగి రోడ్డు పక్క మట్టిలో ఆగింది. కుడిపక్క అద్దం ఉండాల్సిన చోట ఒట్టి కడ్డీ ఉంది. లారీ ఆగకుండా వెళ్ళిపోయింది.

"ఏమైందండీ?" అంది ఆమె, దిగి.

"ఏం కాలేదు. ఊరికే తగిలింది. వాడికి కళ్ళు కనబడి చావవు. ఎక్కు ఎక్కు, గేటు మూసేస్తారు."

ఆమె వంగి, మట్టిలో మెరుస్తున్న అద్దం ముక్కల్లోంచి ఒకటి తీసుకుని అన్నం డబ్బా సంచిలో వేసుకుంది. ఆమె ఫ్యాక్టరీలో ఉన్నన్నాళ్ళూ ఆ ముక్క దారం చుట్టిన బాబిన్ల డబ్బాలో ఉండేది. ఎందుకు దాచావని ఎవరైనా అడిగితే, "మర్చిపోతానేమోనని" అనేది.

కుట్టు ఫ్యాక్టరీలో ఆమెను అందరూ కాలర్ అక్క అనేవారు. అయిదో లైన్లో పదకొండో మిషను ఆమెది. చొక్కాకి కాలర్ అతకడం ఆమె పని. చేతులు అతికేవాళ్ళు వేరు, గుండీలు కుట్టేవాళ్ళు వేరు. ఇరవై రెండేళ్ళుగా ఆమె చేతుల మీదుగా పోయినవి మెడలు మాత్రమే. "రోడ్డు మీద ఎవరు ఎదురొచ్చినా మొహం కన్నా ముందు మెడ చూస్తాను. నేను చేసిన తప్పేదో అక్కడ కనబడుతుందని భయం" అనేది. నవ్వు వస్తే ముందు ఆమె భుజాలు కదిలేవి, నోరు తర్వాత తెరుచుకునేది.

ఆమె భర్త అదే ఫ్యాక్టరీలో, కింది హాల్లో, కటింగ్ మాస్టర్. వంద పొరల బట్టను పొడవాటి బల్ల మీద పరిచి, పై పొర మీద సుద్దతో గీసిన గీత వెంట నిలువు కత్తి మిషనును తోసుకుంటూ పోవాలి. ఎడమ చేతికి ఇనప గొలుసులతో అల్లిన చేతొడుగు ఉండేది. "గీత తప్పితే వంద చొక్కాలు పోతాయి, చెయ్యి తప్పితే ఒక్క చెయ్యే పోతుంది. అందుకని గీత చూసుకోండి" అని కొత్తవాళ్ళతో అనేవాడు. అందరూ ఆయన్ని మాస్టారూ అనేవారు. కోపం వస్తే ఇంట్లో ఆమె కూడా అదే అనేది.

ఇంటికీ ఫ్యాక్టరీకీ పద్నాలుగు కిలోమీటర్లు. ఎనిమిదికి గేటు మూస్తారు. మొదటి బస్సు ఎనిమిదిన్నరకి గాని రాదు. అందుకే వాళ్ళ బతుకు మొత్తం ఆ మోటారు సైకిలు మీదే నడిచేది.

అద్దం పగిలిన రోజు నుంచి ఆమె మొగుణ్ణి కనిపెట్టి చూడసాగింది. కుడి మోచేతి దగ్గర టీ గ్లాసు పెడితే దాన్ని తోసేశాడు. "అక్కడెందుకు పెట్టావే?" అని కసిరాడు. అదే చోట పద్దెనిమిదేళ్ళుగా పెడుతోంది. పడగ్గది గుమ్మం భుజానికి తగిలితే, తలుపు వంగిందన్నాడు. పిలిస్తే తల మాత్రమే తిప్పే మనిషి ఇప్పుడు నడుము దగ్గర్నుంచి మొత్తం తిరుగుతున్నాడు. ఒక్కొక్కటి విడిగా చూస్తే దేనికీ అర్థం లేదు. అన్నీ కలిపి చూసుకుంటే మాత్రం ఆమెకు ఆ లారీ గుర్తొచ్చేది.

సెలవురోజు పొద్దున ఆయన వంటింటి బల్ల దగ్గర పేపరు చదువుతున్నాడు. ఆమె చెంచా ఒకటి పట్టుకుని ఆయన కుడి చెవి పక్కన, చాచిన చేతితో, నిశ్శబ్దంగా నిలబడింది. చెంచాను కొంచెం కొంచెంగా ముందుకి జరిపింది. చెవి దాటింది. చెంప దాటింది. కంటి కొస దాటింది. ఆయన పేజీ తిప్పాడు. చెంచా ముక్కుకి జానెడు దూరంలోకి వచ్చాక ఉలిక్కిపడ్డాడు.

"ఏంటే, చెంచాతో కొడతావా?"

"ఇది మీకు ఎప్పట్నుంచి కనబడుతోంది?"

"ఇప్పుడే."

"నేను ఇందాకట్నుంచి ఇక్కడే ఉన్నాను మాస్టారూ."

ఆయన పేపరు మడిచాడు. మళ్ళీ విప్పాడు. మళ్ళీ మడిచాడు. ఆరు నెలల క్రితమే కంటి డాక్టరుకి చూపించుకున్నానని అప్పుడు చెప్పాడు. పక్కచూపు పోతోందట. పోయినది తిరిగి రాదట. ఉన్నది నిలబడాలంటే రోజూ చుక్కలు వేసుకోవాలట. ఆ చుక్కల సీసాను కటింగ్ హాల్లో సుద్దముక్కల పెట్టెలో దాచుకుని, భోజనాల వేళ ఒంటరిగా వేసుకుంటున్నాడట.

"ముందు మాత్రం బాగానే కనబడుతోందే. గీత స్పష్టంగా కనబడుతోంది. కత్తికి కావాల్సింది గీతే కదా."

"రోడ్డుకి?"

"ఎవరితోనూ అనకు. తెలిస్తే నన్ను కత్తి దగ్గర నిలబడనివ్వరు. ఆ బల్ల దగ్గర తప్ప నాకు ఇంకెక్కడా నిలబడటం రాదు" అన్నాడు. ఆ గొంతు ఆమె ఎప్పుడూ వినని గొంతు. ఆమె ఎవరితోనూ అననని చెప్పింది. చెప్పిన మరుక్షణమే, ఒప్పుకోకూడని దేనికో ఒప్పుకున్నట్టు అనిపించింది.

అప్పుడు ఇద్దరూ కలిసి ఒక పద్ధతి కనిపెట్టారు. ఆమె వెనక కూర్చుని ఆయనకి పక్కచూపుగా ఉండాలి. కుడి భుజం మీద తడితే కుడిపక్క నుంచి ఏదో వస్తోందని. ఎడమ భుజం మీద తడితే ఎడమ. రెండు భుజాలూ ఒకేసారి నొక్కితే ఆగమని. వానాకాలమంతా పొద్దునా సాయంత్రం అలాగే వెళ్ళారు, అలాగే వచ్చారు. పద్నాలుగు కిలోమీటర్లూ ఆమె కళ్ళార్పకుండా కూర్చునేది. బండి దిగేసరికి మెడ కొయ్యబారిపోయేది.

లైన్లో ఆడవాళ్ళు ఊరుకుంటారా? "అక్కా, దారి పొడుగునా మాస్టారి భుజాలు పిసుకుతూనే వస్తావంటగా! మా ఆయన భుజం నేను ముట్టుకుంటే ఏం కావాలే అంటాడు" అని ఒకావిడ. "పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయినా చల్లారలేదమ్మా" అని ఇంకొకావిడ. ఆమె కూడా నవ్వింది. భుజాలు మాత్రం కదల్లేదు.

ఒకరోజు జోరువాన. హెల్మెట్ అద్దం మీద నీళ్ళు తుడుచుకుంటోంది. ఎడమ సందులోంచి గ్యాసు సిలిండర్ల తోపుడు బండి ఒకటి, తల మీద ప్లాస్టిక్ సంచి కప్పుకున్న మనిషి తోసుకుంటూ, రోడ్డు మీదికి వచ్చేసింది. ఆమె తట్టింది. కుడి భుజం మీద తట్టింది.

తప్పు భుజమని చెయ్యి పడ్డాక తెలిసింది. కుడిపక్క ఏదో ఉందనుకుని ఆయన బండిని ఎడమకి కోశాడు. తోపుడు బండికీ వాళ్ళకీ మధ్య బెత్తెడు సందు మిగిలింది. ఆ మనిషి నీళ్ళల్లో చతికిలబడి, సిలిండర్ ఒకటి దొర్లిపోతుంటే, "కళ్ళు నెత్తికెక్కాయా?" అని అరిచాడు.

మొగుడు కొంచెం దూరం పోయాక నవ్వాడు. "చూశావా, కళ్ళున్నదానివి నువ్వూ తప్పావు."

ఆమె నవ్వలేదు. గేటు దగ్గర దిగాక, "రేపట్నుంచి నేను నేర్చుకుంటాను" అంది.

"ఏంటి?"

"బండి."

"సైకిల్ తొక్కడమే రాదు నీకు!"

నిజమే. ఆమె పుట్టింట్లో ఉన్నది ఒకటే సైకిలు, నలుగురు పిల్లలు. పెద్దన్నయ్య నేర్చుకున్నాడు. చిన్నన్నయ్య నేర్చుకున్నాడు. అక్క నేర్చుకుంటూ మోకాలు పగలగొట్టుకుంది. ఆమె వంతు వచ్చేసరికి ఆ సైకిల్ని ఎవరో ఎత్తుకుపోయారు. "దొంగ కూడా నా వంతు దాకా ఆగలేదు" అనేది. రెండు చక్రాల మీద మనిషి ఎందుకు పడిపోడో ఆమెకు నలభై నాలుగేళ్ళు వచ్చినా అర్థం కాని విషయం. అలాంటిదానికి ఇంట్లో ఉన్నదేమో గేర్ల మోటారు సైకిలు.

నేర్పడానికి ఆడపడుచు వచ్చింది. మొగుడి చెల్లెలు, పార్సిళ్ళు ఇంటింటికీ అందించే ఉద్యోగం, రోజంతా బండి మీదే ఉండే మనిషి. అన్నయ్య కళ్ళ సంగతి ఆమెకూ చెప్పలేదు. నడుంనొప్పి అని చెప్పారు.

"నడుంనొప్పి అయితే వెనక సీట్లో తగ్గుతుందా వదినా? ముందు సీటు కన్నా వెనక సీటే ఎక్కువ ఎగరేస్తుంది."

"డాక్టరు చేతులు చాపొద్దన్నాడమ్మా."

"నడుంనొప్పికీ చేతులకీ సంబంధమేంటి? వాడు పశువుల డాక్టరేమో చూసుకోండి."

ఊరి బయట మూతపడిన సిమెంటు గోదాము ఉంది. దాని ముందు విశాలమైన గచ్చు, గచ్చు చివర గోడ. సెలవురోజుల్లో పొద్దున్నే అక్కడికి వెళ్ళేవారు. మొదటిరోజు ఇంజను వేయనివ్వలేదు. వాలులో బండి మీద కూర్చోబెట్టి, రెండు కాళ్ళూ నేలకి ఆనించి నడిపించుకుంటూ రమ్మంది. కాళ్ళెత్తగానే బండి ఒరిగేది. ఒరగగానే ఆమె రెండోవైపుకి హ్యాండిల్ గుంజేది. ఇద్దరూ కింద పడేవారు, ఆమే, బండీ.

"పడే వైపుకే తిప్పు వదినా."

"పడేవైపుకి తిప్పితే పడదూ?"

"పడదు."

"ఇదేం న్యాయం?"

"నాకేం తెలుసు, బండిని అడుగు! సైకిలు వచ్చినవాళ్ళు ఎవరూ అడగరు ఇవన్నీ."

మూడో వారానికి ఆమెకే ఒక సంగతి తట్టింది. తను ముందు చక్రాన్ని చూస్తోంది. కుట్టులో కొత్తవాళ్ళు చేసే తప్పు అదే, సూదిని చూడటం. సూదిని చూస్తే కుట్టు వంకర పోతుంది. సూది ముందున్న బట్ట అంచుని చూస్తే సూది దానంతట అదే తిన్నగా వస్తుంది. తల ఎత్తి దూరంగా గోడ మీద ఉన్న పాత మరకని చూసింది. కాళ్ళెత్తింది. బండి ఆ మరక వైపుకి తిన్నగా, దారం లాగినట్టు, వెళ్ళింది. ఆడపడుచు వెనక నుంచి ఈలవేసింది. ఆ ఒక్క పొద్దున మాత్రం భయం ఆమె దగ్గర లేదు. గాలి చెవుల్లో హోరుమంటోంది. నలుగురు పిల్లల్లో తన వంతు ఇన్నాళ్ళకి వచ్చింది.

తర్వాతి వారం ఇంజను వేశారు. క్లచ్చి, గేరు, కుడిచేత్తో తిప్పే యాక్సిలరేటరు, అన్నీ వచ్చాయి. "ఇప్పుడు గోడ దగ్గరకి పోయి, కుడికాలి బ్రేకు నొక్కి ఆగు" అంది ఆడపడుచు.

ఆమె వెళ్ళింది. గోడ దగ్గరవుతోంది. మరక పెద్దదవుతోంది. కాలు నొక్కింది. బలంగా నొక్కింది. బండి ఆగలేదు. ఇంకా బలంగా నొక్కింది. చివరి క్షణంలో పక్కకి పడిపోయింది గనక సరిపోయింది, బండి మాత్రం ముందు చక్రంతో గోడని గుద్దింది.

ఆడపడుచు పరుగెత్తుకొచ్చింది. "బ్రేకు నొక్కమంటే ఎత్తావేంటి వదినా? నేను చూస్తూనే ఉన్నాను, నీ పాదం పైకి లేచింది!"

"నొక్కానే!"

"నొక్కలేదు. ఎత్తావు."

ఆమె గచ్చు మీద కూర్చుని తన కుడికాలిని చూసుకుంది. బూటు లోపల పాదం ఇంకా బిగిసే ఉంది. మడమ నేలని తొక్కుతోంది, వేళ్ళు పైకి లేచి ఉన్నాయి. అప్పుడు అర్థమైంది. కుట్టు మిషను పెడల్ మీద వేళ్ళు నొక్కితే మిషను పరుగెడుతుంది, మడమ నొక్కితే ఆగుతుంది. రోజుకి వెయ్యిసార్లు. ఇరవై రెండేళ్ళు. భయం వేసినప్పుడు ఆమె ఆలోచించలేదు, ఆలోచించింది ఆ మడమ. ఆగమని చెప్పడానికి దానికి తెలిసిన దారి ఒకటే. మోటారు సైకిలు బ్రేకు వేళ్ళ కింద ఉంటుంది. మడమ నొక్కితే వేళ్ళు లేస్తాయి. ఆగాలని ఎంత గట్టిగా కోరుకుంటే బండి అంత ఆగదు.

ఆడపడుచు నవ్వేసింది. "అయితే నిన్ను రోడ్డు మీద వదిలితే కాలర్లు కుట్టుకుంటూ పోతావన్నమాట!" ఆమె కూడా నవ్వబోయింది గాని, పద్నాలుగు కిలోమీటర్ల దారిలో ఇటుకల లారీ వచ్చే కూడలి గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

ఆ రాత్రి, కుడి బూటు లోపల, బొటనవేలు ఆనే చోట, ఒక పెద్ద కోటు గుండీ కుట్టింది. అడుగేసినప్పుడల్లా ఆ గుండీ గుచ్చుకోవాలి. గుచ్చుకున్నప్పుడల్లా, ఆగడం ఇక్కడి నుంచి, అని కాలికి తెలియాలి. ఇంట్లో ఆ బూటుతోనే తిరిగింది. అంట్లు తోముతూ బొటనవేలు నొక్కేది. కూరగాయల కొట్టు దగ్గర నిలబడి నొక్కేది. పాలు పొంగబోతుంటే స్టవ్ దగ్గరికి వెళ్ళేలోపే బొటనవేలు నొక్కేసేది. మొగుడు పడీపడీ నవ్వి, "పాలకి కూడా బ్రేకు వేస్తున్నావా?" అన్నాడు.

ఫ్యాక్టరీలో మాత్రం బూటు విప్పేసి, ఎప్పటిలా ఒట్టి కాలితో మిషను ముందు కూర్చునేది. పెడల్ వణుకు అరికాలికి తెలియాలి ఆమెకు. బూటు ఉంటే ఒక కాలు, విప్పితే ఇంకో కాలు అనుకుంది. కాలు అలా అనుకోవడం లేదని ఆమెకు తెలియదు.

రెండో ప్రయత్నంలో లైసెన్సు వచ్చింది. అయినా ఆయన తాళంచెవి ఇవ్వలేదు.

"నువ్వు నడుపుతూ నేను వెనక కూర్చుని గేటులోకి వస్తే వాచ్‌మన్ ఏమనుకుంటాడు? మాస్టారికి ఏమైంది అంటాడు. ఒకడు అడిగితే పదిమంది అడుగుతారు."

"నడుంనొప్పి అనండి."

"ఎవరు నమ్ముతారే?"

ఆమె మందుల దుకాణానికి వెళ్ళి నడుముకి కట్టుకునే వెడల్పాటి బెల్టు తెచ్చింది. చొక్కా మీద నుంచి అందరికీ కనబడేలా కట్టింది. అద్దం ముందు నిలబెట్టి, "లేచేటప్పుడు అమ్మా అనండి" అంది. ఆయన అన్నాడు. "అలా కాదు, నిజంగా అనండి." మళ్ళీ అన్నాడు. ఇద్దరికీ నవ్వాగలేదు. నవ్వుతూనే ఆయన జేబులోంచి తాళంచెవి తీసి, బల్ల మీద, ఆమె వైపుకి జరిపాడు. చెయ్యి వెంటనే తీయలేకపోయాడు.

మర్నాడు ఆమె ముందు కూర్చుంది. ఆయన వెనక కూర్చుని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడల మీద పెట్టుకున్నాడు. కూడలి వచ్చింది. కుడిపక్క దుమ్ము లేచింది. ఇటుకల లారీయే, ముందు అద్దానికి అదే పగులు. ఆమె బొటనవేలు గుండీని వెతుక్కుని నొక్కింది. బండి మెత్తగా, బుద్ధిగా ఆగింది. లారీ వాళ్ళ ముందు నుంచి గడగడమని పోయింది.

"అబ్బో" అన్నాడు ఆయన వెనక నుంచి.

గేటు దగ్గర వాచ్‌మన్ ఆశ్చర్యంగా చూశాడు. "ఏంటి మాస్టారూ, అమ్మగారు డ్రైవరా?"

"అమ్మా" అంటూ ఆయన దిగాడు, నడుం పట్టుకుని. బాగానే అన్నాడు.

అలా అయిదు వారాలు గడిచాయి. నడుంనొప్పి కథని అందరూ నమ్మారు. తైలాలు చెప్పారు, కసరత్తులు చెప్పారు. ఆమె మెడ నొప్పి తగ్గింది. రోడ్డు మీద కాలివేళ్ళు మళ్ళీ లేవలేదు. గట్టెక్కామనుకుంది ఆమె. అయితే కాలర్ల పనిలో ఈ మధ్య చిన్న చిన్న తేడాలు వస్తున్నాయి. ఆగాల్సిన చోట ఒక కుట్టు ఎక్కువ పడుతోంది. రోజుకి ఒకటి రెండు చొక్కాలు తిరిగి వస్తున్నాయి. "అక్కా, నీ పీసులు తిరిగిరావడం నేను ఎప్పుడూ చూడలేదే" అన్నాడు లైను సూపర్‌వైజర్. ఆమె కన్నా పదిహేనేళ్ళు చిన్నవాడు, ఆమె దగ్గరే మిషను నేర్చుకున్నవాడు. "కళ్ళద్దాలు మార్చాలేమోరా" అంది. కళ్ళు అన్న మాట నోటి నుంచి వచ్చినందుకు వెంటనే నాలుక కరుచుకుంది.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదటి కట్ట విప్పింది. మూడో చొక్కా కాలర్ మూల తిప్పుతోంది. ఎడమ చూపుడు వేలు సూది పక్కన, ఎప్పుడూ ఉండే చోటే, బట్టని నొక్కిపట్టి ఉంది. సరిగ్గా తల మీద ట్యూబులైటు ఠాప్పుమని పేలింది.

ఆమె ఉలిక్కిపడింది. ఆగాలనుకుంది. కాలు ఆగమంది, ఇన్నాళ్ళూ నేర్పినట్టే, బొటనవేలితో.

మిషను ఒక్కసారి గీమంది. తర్వాత చప్పుడు లేదు. ఆమె కేక వేయలేదు. వేలిని చూస్తూ కూర్చుంది. గోటి మధ్యలోంచి సూది దిగి ఉంది. తెల్ల కాలర్ మీద ఎర్రటి చుక్క ఒకటి మెల్లగా వెడల్పవుతోంది. పక్క మిషను ఆవిడ అరిచింది. లైను మొత్తం ఆగిపోయింది. మెకానిక్ వచ్చి, చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పి, సూదిని పైకి లేపాడు. సగం వచ్చింది. సగం వేల్లోనే విరిగి ఉండిపోయింది.

ఎవరో కింది హాల్లోకి పరుగెత్తి, "కాలర్ అక్క చెయ్యి మిషన్లో పడిపోయింది" అన్నారు.

మాస్టర్ కత్తి ఆపి పరుగెత్తాడు. నడుంబెల్టుతోనే మెట్లన్నీ రెండేసి ఎక్కుతూ వచ్చాడు. నడుంనొప్పి మనిషి అలా పరుగెత్తడం చూసి అందరూ నోళ్ళు తెరిచారు. అది మొదలు మాత్రమే. పదకొండో మిషను వైపు, ఆమె మొహం వైపు తిన్నగా చూస్తూ, లైన్ల మధ్య సందులోకి వచ్చాడు. కుడిపక్కన కట్టలు మోసే ట్రాలీ ఉంది. నడుమెత్తు ట్రాలీ, పసుపు రంగు. దాన్ని ఎంత బలంగా గుద్దుకుని పడ్డాడంటే కట్టలన్నీ మీద పడ్డాయి. లేచాడు. మళ్ళీ ఆమె మొహమే చూస్తూ రెండడుగులు వేశాడు. ఈసారి ఇస్త్రీ బల్ల. వేడిగా ఉన్న ఇస్త్రీ పెట్టెకీ ఆయన మోచేతికీ మధ్య సూపర్‌వైజర్ చెయ్యి అడ్డం పెట్టకపోతే ఏమయ్యేదో.

"ఎవర్రా ఇక్కడ అడ్డం పెట్టింది?" అన్నాడు మాస్టర్, రొప్పుతూ.

అవి పదిహేనేళ్ళుగా అక్కడే ఉన్నాయి.

సూపర్‌వైజర్ ఆయన కుడి భుజం పక్కన నిలబడి ఉన్నాడు. మెల్లగా చెయ్యి పైకెత్తాడు. "మాస్టారూ, నా వైపు తిరగకండి. అక్కనే చూస్తూ చెప్పండి. నా చేతిలో ఏముంది?"

ఆమె మిషను దగ్గర్నుంచి చూస్తోంది. వేలికి గుడ్డ చుట్టి ఉంది. తల ఊపబోయింది, కళ్ళతో చెప్పబోయింది. ఇంత దూరం నుంచి ఏ భుజం మీద తట్టగలదు?

"కత్తెర" అన్నాడు మాస్టర్.

సూపర్‌వైజర్ చెయ్యి ఖాళీగా ఉంది. అతను ఆ చేతిని కాసేపు అలాగే ఉంచి, దించేశాడు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇన్నాళ్ళూ కత్తి దగ్గర..." అని ఆగిపోయాడు. తర్వాత చాలా నెమ్మదిగా, "ఇంక కత్తి ముట్టుకోకండి మాస్టారూ. పైవాళ్ళతో నేను మాట్లాడతాను" అన్నాడు.

మాస్టర్ నడుంబెల్టు విప్పి, మడిచి, ట్రాలీ మీద పెట్టాడు.

ఫస్టెయిడ్ గదిలో నర్సు విరిగిన సూదిముక్క తీసి కట్టు కట్టింది. ఇంటికి వెళ్ళమన్నారు. మూడు గంటల ఎండలో ఇద్దరూ షెడ్డు దగ్గర బండి ముందు నిలబడ్డారు.

"నా వల్లే అయింది" అంది ఆమె.

"నీ వేలు నీ వల్ల పోయింది. నా కళ్ళు నీ వల్ల పోయాయా?" అన్నాడు ఆయన. ఆమె వేలి కట్టు చూసి, "ఆ వేలితో క్లచ్చి పట్టగలవా? పోనీ నేను నడపనా?" అన్నాడు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వు రావాల్సిన చోట రాలేదు.

ఆమె మిగిలిన మూడు వేళ్ళతో క్లచ్చి పట్టుకుని బండి తీసింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఏమీ అడగలేదు. అడక్కపోవడమే ఆమెకు వినబడింది. కుడి బూట్లో గుండీ గుచ్చుకుంటోంది. ఇన్నాళ్ళూ ధైర్యం చెప్పిన గుండీ ఇప్పుడు ఊరికే గుచ్చుకుంటోంది. బొటనవేలు మిషను దగ్గర ఏం చేసిందో ఆమె చూసింది. పాదాన్ని బ్రేకు మీద పెట్టాలంటే ఏదో వేడి వస్తువు మీద పెడుతున్నట్టుంది.

వెనక నుంచి ఆయన తన రెండు చేతులూ ఆమె భుజాల మీద వేశాడు. ఎప్పుడూ అలా వేయలేదు.

కూడలి వచ్చింది. కుడిపక్క దుమ్ము లేచింది. ఆమె చూసింది, చాలా ముందే చూసింది. ఆగాలనుకుంది. పాదం కదల్లేదు. మడమ దిగబోయి ఆగింది. బొటనవేలు దిగబోయి ఆగింది. ఎటు నొక్కాలో తెలియక, పెడల్ మీద గాలిలో, ఆ పాదం వేలాడుతూ ఉండిపోయింది. చేత్తో ముందు బ్రేకుని గుంజింది. బండి తల వంచుకుని ఆగింది. ఆయన హెల్మెట్ వచ్చి ఆమె హెల్మెట్‌కి కొట్టుకుంది. లారీ గాలి మొహం మీద వేడిగా కొట్టి పోయింది. ఇటుకల ధూళి పెదవుల మీద పడింది.

"ఏమైందే?" అన్నాడు ఆయన.

"ఏం కాలేదు. ఊరికే ఆపాను."

"కాలు బాగానే పడుతోందా?"

"బాగానే పడుతోంది" అంది ఆమె.

ఆ మాట ఆ గొంతుతో ఇంతకుముందు ఎక్కడ విందో ఆమెకు తెలుసు. వంటింటి బల్ల దగ్గర, మడిచి విప్పిన పేపరు వెనక నుంచి. ఆయనకి కూడా తెలిసి ఉంటుంది. భుజాల మీద చేతులు ఒకసారి బిగిశాయి, రెండూ, ఒకేసారి, ఆగమని.

ఆమె గేరు వేసింది. ఇంటికి ఇంకా మూడు కూడళ్ళున్నాయి.